నేలమాళిగలో పెద్దాయన

ఏప్రిల్ 9

ఒరేయ్ రాళ్ళపండితుడా,

పార్సిల్ చేరింది. గుడ్డలో గుడ్డ, గుడ్డలో దూది, దూదిలో మళ్ళీ కాగితం. నేను పొరలు విప్పుతుంటే మీ బావ పక్కన నిలబడి "మీవాడు ఈసారి బంగారమే పంపినట్టున్నాడే" అన్నారు. తీరా చూస్తే జానెడు ఎముక. ఆయన ముఖం నువ్వు చూసి ఉండాల్సింది! అక్క పుట్టినరోజుకి ఎవరైనా గొడుగు పంపుతారు, గడియారం పంపుతారు. పదిహేను కోట్ల ఏళ్ళ క్రితం చచ్చిన జంతువు పక్కటెముక పంపే తమ్ముడు ఈ భూమ్మీద నాకొక్కదానికే ఉన్నాడు.

నువ్వు రాసినట్టే నాలుక చివర ఆనించి చూశాను. నిజమేరా, పట్టుకుని వదల్లేదు. "నాలుకకి అంటుకుంటే ఎముక, జారిపోతే రాయి" అని నువ్వు పిల్లలకి పాఠం చెప్తావని తెలుసు కానీ ఇంత గట్టిగా పట్టుకుంటుందనుకోలేదు. చేతిలో పెట్టుకుంటే ఇనుప ముక్కలా ఉంది, నల్లగా నిగనిగలాడుతోంది. మీ బావ మాత్రం "చచ్చినవాటి ఎముకలు నా ఇంట్లో వద్దు, దాన్నైనా పంపించు, నన్నైనా పంపించు" అని కూర్చున్నారు. ఆయన్ని పంపితే మళ్ళీ తెచ్చుకోవడం కష్టం కదా, అందుకని ఎముకనే ఆసుపత్రికి పట్టుకెళ్ళాను. మా డార్క్‌రూమ్‌లో పై అర మీద ఎక్స్‌రే ఫిల్ముల డబ్బా ఒకటి, కొరతొస్తే వాడుకుందామని దాచింది ఉంది. చెమ్మకి మూత ఉబ్బి పైకి లేస్తోంది. నువ్వు పెద్దాయన అని పిలుచుకునే ఆ రాక్షసబల్లి పక్కటెముకని దాని మీద బరువుగా పెట్టాను. పనికొచ్చాడు, సంతోషించు.

చెక్కుడు మేస్త్రి పోయాడని రాశావు. ఇరవై ఏళ్ళు నీ పక్కన కూర్చుని ఎముకల మీది రాయి ఒలిచినవాడు. నీకు వరసకి ఏమీ కాకపోయినా అన్నదమ్ముడిలాంటివాడే. ఆఖర్న ఊపిరాడక బాధపడ్డాడన్నావు, పాపం.

ఇంకోమాట. జనవరిలో నేను వచ్చినప్పుడు నువ్వు మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, గోడ మీద క్యాలెండర్ చూస్తున్నట్టు నటించావు. అది కిందటేడాది క్యాలెండర్. ఆ దగ్గు ఎవరికైనా చూపించుకో.

నీ అక్క

ఏప్రిల్ 21

అక్కా,

పెద్దాయన్ని డబ్బా మూత మీద కూర్చోబెట్టావా! పంతొమ్మిదేళ్ళుగా నేను ఆయన ముందు చెప్పులు విడిచి కూర్చుంటున్నాను. నువ్వు మూత నొక్కే బరువురాయిని చేశావు. బతికున్నప్పుడు ఆయన మెడ చాచితే మూడో అంతస్తు కిటికీలోకి తొంగిచూసేవాడని బావకి చెప్పు, కొంచెం మర్యాద ఇస్తారేమో.

మేస్త్రి లేని గది గదిలా లేదు. ఉలి చప్పుడు లేదు. అతను తాగిన సిగరెట్లకి ఊపిరితిత్తులు ఇన్నాళ్ళు నిలవడమే ఎక్కువని డాక్టర్లన్నారు. అతని ఉలులు ఇంకా బల్ల మీద అలాగే ఉన్నాయి. తీయబుద్ధి కావడంలేదు.

నువ్వు మళ్ళీ మళ్ళీ అడుగుతావు కాబట్టి నా రోజు ఎలా గడుస్తుందో రాస్తున్నాను. పొద్దున ఎనిమిదికి నేలమాళిగలోకి దిగుతాను. చీకటిపడ్డాక ఎక్కుతాను. మధ్యలో పాఠం ఉంటే ఒక గంట పైకి. గదినిండా ప్లాస్టర్ కట్లలో ఎముకలు, నేల నుంచి కప్పుదాకా. ఆ కట్టు కట్టడం నీ దగ్గరే నేర్చుకున్నాను, గుర్తుందా? మీ ఆసుపత్రిలో కాళ్ళు విరిగినవాళ్ళకి కట్లు కడుతుంటే గుమ్మంలో నిలబడి చూసేవాణ్ణి. మీరు దూది వేస్తారు, మేము తడికాగితం వేస్తాం, అంతే తేడా. నా చదువంతా ఒక ఎత్తు, ఆ కట్టు ఒక ఎత్తు. అది రాకపోతే ఆయన దొరికిన కొండ మీంచి ఒక్క ఎముకైనా దిగేది కాదు. మిగతా చోట్ల దొరికిన ఎముకలు పాలిపోయి తేలిగ్గా ఉంటాయి. ఆయనవి మాత్రమే ఇలా నల్లగా, బరువుగా ఉంటాయి. ఎందుకో ఎవరూ తేల్చలేదు.

ఎముకకి పడనిది ఒక్కటే, ఒకరోజు ఎండ, ఒకరోజు చెమ్మ. గాలి మారితే పగులుతుంది. అందుకని పద్నాలుగేళ్ళ క్రితం నేనూ మేస్త్రీ కలిసి గది కిటికీలన్నీ మైనంగుడ్డ పెట్టి మూసేశాం. ఆనాటి నుంచి ఒక్క ఎముక బీటలివ్వలేదు. నాకదే గర్వం.

ఆయన ఎముకల మీద రాస్తున్న పుస్తకానికి రెండువందల పన్నెండు బొమ్మలు కావాలి, నూట డెబ్బై అయ్యాయి. డీన్ కన్ను నా గది మీద పడింది, జవాబు పత్రాలు దాచుకోవడానికి కావాలట. మార్చి దాకా గడువిచ్చాడు. ఆలోగా పుస్తకం అచ్చుకి వెళ్తే ఈ గది ఎవడూ ముట్టుకోలేడు. వెళ్ళకపోతే ఆయన్ని మళ్ళీ మట్టిలో పూడ్చినట్టే. దగ్గు ప్లాస్టర్ దుమ్ము వల్ల. అయినా నీ తృప్తికోసం మా యూనివర్సిటీ డాక్టరుకి చూపిస్తాలే.

నీ తమ్ముడు

జూన్ 2

ఒరేయ్,

నా ఉద్యోగం పోబోయి మిగిలింది, అదీ నీ పుణ్యమే. కూర్చుని చదువు.

పోయిన నెలాఖరున ఫిల్ముల లారీ రాలేదు. పై అర మీద దాచిన డబ్బా దించాను. వరసగా ముగ్గురికి ఛాతీ ఫోటోలు తీశాను. ఒక బడిపంతులు, ఒక తోటమాలి, ఒక బాలింత. ముగ్గురికీ ఊపిరితిత్తిలో మచ్చ. మా ఛాతీ డాక్టరు ముగ్గురికీ రోగమని రాసేశాడు. ఆ బాలింత బిడ్డని ఎవరికివ్వాలో తెలియక వరండాలో కూర్చుని ఏడుస్తుంటే నా గుండె నీరైపోయింది. ఆ తర్వాత నాకొక అనుమానం. మూడు ఫిల్ములూ ఒకదాని మీద ఒకటి పెట్టి దీపం ముందు చూశాను. మూడు మచ్చలూ ఒకేచోట, ఒకే వంకరతో. ముగ్గురికి ముగ్గురూ ఒకేలా జబ్బుపడతారట్రా?

డాక్టరుకి చెబితే "ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇదా నీ పనితనం, ఫిల్ములు పాడుచేశావు" అని పదిమందిలో కేకలేశాడు. సూపరింటెండెంటుకి రాస్తానన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మెషీన్ మీద పెడతానా, ఏం పెడతాను? నోరు మూసుకుని డార్క్‌రూమ్‌లోకి వెళ్ళి, ఆ డబ్బాలో నాలుగో ఫిల్ము తీసి, ఎవరికీ ఫోటో తీయకుండానే కడిగాను. ఏం కనబడిందో తెలుసా? నీ పెద్దాయన పక్కటెముక! వంకరతో సహా, విరిగిన కొసతో సహా, అచ్చంగా. ఏడు వారాలు ఆ మూత మీద కూర్చుని తన బొమ్మ తానే దించుకున్నాడు. చస్తే మాత్రం ఫోటోల పిచ్చి పోదా ఆయనకి!

లారీ వచ్చాక ముగ్గుర్నీ పిలిపించి కొత్త డబ్బాలోంచి మళ్ళీ తీశాను. శుభ్రంగా ఉన్నారు. రోగం లేదు గీగం లేదు. మచ్చ అనగానే బెంబేలు పడిపోతారు గానీ, అన్ని మచ్చలూ రోగం కావు, భయపడాల్సిందేమీ లేదని ఆ బాలింత చెయ్యి పట్టుకుని చెప్పాను. నవ్వుతూ ఇంటికెళ్ళింది. ఛాతీ డాక్టరు మాత్రం నా వైపు చూడకుండా తిరుగుతున్నాడు.

ఎముక అలా ఎందుకు చేసిందో మా రేడియేషన్ ఆఫీసరు సెలవు నుంచి రాగానే అడుగుతాను. నీ దగ్గు సంగతేమైంది? డాక్టరుకి చూపించావా?

నీ అక్క

జూన్ 11

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు ఎంత మంచి సమయంలో రాశావో నీకు తెలియదు. పది రోజులుగా నా మనసు మనసులో లేదు, ఎందుకో నీకు రాయలేదు, ఇక రాయక్కర్లేదు కూడా. "అన్ని మచ్చలూ రోగం కావు" అన్న నీ మాట దగ్గర ఆగి గట్టిగా నవ్వాను. పక్క గదిలోంచి గుమాస్తా వచ్చి చూసిపోయాడు. పెద్దాయన ఎంత కొంటెవాడో నాకిన్నాళ్ళకి తెలిసింది. కొంచెంలో నన్నూ ఏడిపించేవాడే.

రేపు ఒకచోటికి వెళ్ళాల్సి ఉండింది. మానేశాను. ఆ రోజు కలిసొచ్చింది కాబట్టి తొడ ఎముక బొమ్మ పూర్తిచేస్తాను. నూట డెబ్బై తొమ్మిదోది.

బాలింత క్షేమంగా ఉన్నందుకు సంతోషం. ఎముక భద్రం.

నీ తమ్ముడు

జూన్ 20

తమ్ముడూ,

ఈసారి వేళాకోళం లేదు. మెల్లగా చదువు.

మా రేడియేషన్ ఆఫీసరు కిరణాలు కొలిచే పెట్టె పట్టుకొచ్చాడు. ఎముక దగ్గర పెట్టగానే అది నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలాడింది. ఎముకలో యురేనియం ఉందట. కోట్ల ఏళ్ళు నేలలోని నీళ్ళు నానబెట్టి నానబెట్టి ఎక్కించాయట. నలుపూ బరువూ అందుకేనట. "ఇలాంటివి మీ తమ్ముడి దగ్గర ఎన్నున్నాయమ్మా?" అన్నాడు. గదినిండా ఉన్నాయన్నాను. "కిటికీలు?" అన్నాడు. పద్నాలుగేళ్ళుగా మైనం పెట్టి మూసి ఉన్నాయన్నాను. ఆయన అంతవరకూ నిలబడి మాట్లాడుతున్నాడు, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆ ఎముకల్లోంచి ఒక గాలి వస్తూ ఉంటుందటరా. రంగుండదు, వాసనుండదు. మూసిన గదిలో పోగుపడి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఇరవై ఏళ్ళకి రోగమై బయటపడుతుంది. మేస్త్రి సిగరెట్లతోనే పోయాడని నువ్వన్నావు. నాకు మాత్రం ఆ మాట వినగానే అతనే కళ్ళముందు కదిలాడు.

నీ కాళ్ళు పట్టుకుంటాను, ఈ ఉత్తరం చదివిన వెంటనే వెళ్ళి ఆ కిటికీలు పగలగొట్టు. ఎముకలు పగిలితే పగలనీ. నువ్వు లోపల కూర్చోకు. నాలుకతో చూడకు, పిల్లల చేత చూడనివ్వకు. నీ ఛాతీ ఫోటో తీయించి నాకు పంపు.

పోయిన ఉత్తరంలో ఎక్కడికో వెళ్ళడం మానేశానన్నావు. ఎక్కడికి?

నీ అక్క

జూలై 18

అక్కగారికి,

మీ శ్రమకి ధన్యవాదాలు. పోయిన సోమవారం ఇద్దరు మనుషులు పెట్టెతో వచ్చారు. నా గదంతా కొలిచారు. నాతో ఒక్క మాట అనకుండా పైకెళ్ళి డీన్‌తో మాట్లాడారు. సాయంత్రానికి నా తలుపుకి సీలు పడింది. మేస్త్రి పోయిన దుఃఖంలో ఉన్నవాడికి గోరుచుట్టు మీద రోకటిపోటు. డీన్ నా భుజం మీద చెయ్యివేసి "మీ ఆరోగ్యం కోసమే కదండీ" అన్నాడు. ఆ నవ్వు నేను చచ్చేదాకా మర్చిపోను.

వాళ్ళ కాగితం మీద మీ ఆసుపత్రి పేరుంది. మీరు చెప్పకపోతే వాళ్ళకి నా గది సంగతి ఎలా తెలుస్తుంది? పరాయివాళ్ళు చేస్తే పోట్లాడవచ్చు. నన్ను వేలు పట్టుకుని బడికి తీసుకెళ్ళిన మనిషే చేస్తే ఎవరితో చెప్పుకోను?

నాకింక ముప్ఫై రెండు బొమ్మలు మిగిలాయి. దయచేసి నా విషయంలో ఇంకేమీ చేయకండి.

ఇట్లు,
ప్రొఫెసర్

జూలై 25

తమ్ముడూ,

నన్ను "గారు" అన్నావు. నీ చేత మొదటిసారి ఆ మాట అనిపించుకోవడానికి యాభై ఏళ్ళు పట్టింది. మీ బావ ఉత్తరం చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

నేను ఎవరికీ రాయలేదు. ఆఫీసరు రాశాడు. అలాంటిది కంటబడితే రాయకపోవడం ఆయనకి నేరమట. నాకు ముందే తెలుసా అంటే, తెలియదు. తెలిస్తే ఆపేదాన్నా అంటే, ఆపేదాన్ని కాదు. అబద్ధం చెప్పి నీతో రాజీపడను.

నీ పుస్తకం నీకెంతో నాకు తెలుసు. నీకు పెళ్ళిసంబంధం చూస్తానంటే "ఉన్నదానికే టైం చాలట్లేదు" అని ఆ ఎముకల్ని చూపించినవాడివి. కానీ నాకు నువ్వు ముందు. తిట్టు, కొట్టు, గారు అను, మీరు అను. ఛాతీ ఫోటో మాత్రం తీయించుకో. జూన్‌లో ఎక్కడికి వెళ్ళడం మానేశావో చెప్పు.

నీ అక్క

సెప్టెంబర్ 3

ఒరేయ్,

నెల దాటింది. రెండు ఉత్తరాలు రాశాను, ఇది మూడోది. డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేస్తే గుమాస్తా "సారు గదికి సీలండీ, ఇటు రావట్లేదు" అన్నాడు. నీ ఇంటి పక్కావిడకి చేస్తే "పొద్దున్నే వెళ్ళి చీకటిపడ్డాక వస్తున్నారు" అంది. మరి రోజంతా ఎక్కడుంటున్నావురా?

తాడు తెగేదాకా లాగకు. ఒక్క ముక్క రాయి, క్షేమం అని. చాలు.

నీ అక్క

అక్టోబర్ 14

అక్కా,

మూడు నెలలు నీకు రాయకుండా ఉండటం నా వల్ల కాలేదు. నాలుగు ఉత్తరాలు రాసి చింపాను. నువ్వు నా మీద రాయలేదని నమ్ముతున్నాను. ఆ రోజు కోపంలో చెయ్యి నాది, రాత నాది కాదు. క్షమించు.

ఇప్పుడు నిజం చెప్తాను, అరవకు. సీలు వేసింది ముందు తలుపుకి. వెనక, పాత రోజుల్లో బొగ్గు దింపుకున్న చిన్న తలుపుంది. దాని సంగతి మేస్త్రికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. జూలై నుంచి రోజూ అందులోంచే వెళ్తున్నాను. కిటికీ తెరిస్తే బయటికి తెలిసిపోతుంది కాబట్టి తెరవలేదు. బొమ్మలు రెండువందల ఎనిమిది అయ్యాయి. ఇంకో నాలుగే! దొంగలా వంగి వెళ్ళి దొరలా గీసుకుంటున్నాను.

దగ్గు ఉంది. బెల్టుకి రెండు కొత్త బెజ్జాలు పొడిచాను. మెట్లు కొంచెం ఎక్కువయ్యాయి. ఇవన్నీ పని ఒత్తిడి. నువ్వు కంగారుపడతావని తెలుసు కాబట్టి ఒక సంగతి చెప్పి నవ్విస్తాను. జూన్‌లో ఎక్కడికి వెళ్ళడం మానేశావని అడుగుతున్నావు కదా. నీ మాట విని మే నెలాఖరున మా యూనివర్సిటీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఛాతీ ఫోటో తీశాడు. మచ్చ ఉందన్నాడు! పన్నెండో తారీఖున పెద్దాసుపత్రికి వెళ్ళి మిగతా పరీక్షలు చేయించుకోవాలని చీటీ రాసిచ్చాడు. పది రోజులు నాకు నిద్రలేదు. సరిగ్గా ముందురోజు నీ ఉత్తరం వచ్చింది, పెద్దాయన మచ్చలు వేస్తున్నాడని. నా కోటు జేబులో ఎప్పుడూ ఆయన వేలి ఎముక ఒకటి ఉంటుంది కదా. వెంటనే అర్థమైంది. నన్ను కాపాడింది నీ ఉత్తరమే. ఆ ఫిల్ము కవరు విప్పను కూడా విప్పలేదు, బొమ్మల కట్ట కింద పడేశాను.

బావకి నమస్కారాలు. జనవరిలో పుస్తకంతో వస్తాను.

నీ తమ్ముడు

అక్టోబర్ 18 (ఎక్స్‌ప్రెస్ డెలివరీ)

తమ్ముడూ,

తొందరలో రాస్తున్నాను, అక్షరాలు సరిగ్గా లేకపోతే ఓర్చుకో.

ఛాతీ ఫోటోకి కోటు వేసుకుని ఎవరు నిలబడతారురా? చొక్కా కూడా విప్పిస్తాం కదా! నీ కోటు కుర్చీ మీద ఉండి ఉంటుంది. ఉన్నా సరే, ఎముక ఒక్క క్షణంలో మచ్చ వేయలేదు. నా డబ్బా మీద ఏడు వారాలు కదలకుండా కూర్చుంటేనే వేసింది.

నేనొక సంగతి రాయలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఈ పని తెలిసినవాళ్ళతోనే మాట్లాడి మాట్లాడి, అది అందరికీ తెలుసనుకునే జబ్బు వచ్చింది నాకు. మచ్చ రంగు రాయలేదు. ఫిల్ము మీద కిరణం పడ్డచోట నలుపెక్కుతుంది. నీ ఎముక వేసిన మచ్చలు నల్లవి. నల్లవిరా! వాటిని మా డాక్టరు క్షయ తొలిచిన రంధ్రాలనుకున్నాడు. ఊపిరితిత్తిలో గడ్డ ఉంటే అది కిరణాన్ని ఆపుతుంది, అక్కడ ఫిల్ము తెల్లగా మిగిలిపోతుంది.

ఇప్పుడే లే. ఆ కవరు విప్పు. కిటికీకి ఎదురుగా పట్టుకో. నల్లగా ఉందా, తెల్లగా ఉందా? తెల్లగా ఉంటే జవాబు రాస్తూ కూర్చోకు, ముందు ఆసుపత్రికి వెళ్ళు, తర్వాత రాయి.

అక్క

అక్టోబర్ 22

అక్కా,

తెల్లగా ఉంది.

ఆసుపత్రికి వెళ్ళే దారిలో పోస్టాఫీసు బల్ల మీద రాస్తున్నాను. కుడివైపు, పైన. చూడటానికి చిన్నదే.

తమ్ముడు

నవంబర్ 9

అక్కా,

పదిహేను రోజులుగా ఆసుపత్రికీ ఇంటికీ తిరుగుతున్నాను, పరీక్షలు నిన్నటితో అయ్యాయి. నువ్వడిగినట్టు రెండు ఫిల్ములూ, మే నెలదీ ఇప్పటిదీ, ఈ ఉత్తరంతోపాటే వేరే కవర్లో పంపుతున్నాను. వద్దనుకున్నాను గానీ, పంపకపోతే నువ్వు ఊరుకోవు.

ఇక్కడి డాక్టరు మంచివాడు, సూటిగా మాట్లాడతాడు. కోయడానికి లేదన్నాడు. రెండోవైపుకి కూడా వెళ్ళిందట. మందులతో కొన్ని నెలలు లాగవచ్చట. నేనే అడిగాను, జూన్‌లో వచ్చి ఉంటే ఏమయ్యేదని. అప్పటికే ఆలస్యమైపోయిందట, అప్పుడొచ్చినా ఇంతేనట. రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ అదే అన్నాడు. కాబట్టి నీ ఉత్తరం గురించి నువ్వేమీ ఆలోచించకు. అదే రాయకపోతే ఆ నాలుగు నెలలూ ఆసుపత్రి మంచం మీద గడిపేవాణ్ణి. ఆ నాలుగు నెలల్లో ముప్ఫై బొమ్మలు గీశాను. లెక్క చూసుకుంటే నాకు లాభమే.

నా దగ్గర చదివిన పిల్లలందర్నీ, పాతవాళ్ళని కూడా ఉత్తరాలు రాసి పిలిపించాను. అందరికీ ఫోటోలు తీయించాను. ఎవరికీ ఏమీ లేదు. వాళ్ళు గదిలో గంటో రెండు గంటలో ఉండేవాళ్ళు. మేస్త్రీ నేనూ మాత్రమే రోజంతా. మేస్త్రి భార్య దగ్గరికి వెళ్ళి, మీ ఆయన చనిపోయింది సిగరెట్లతో మాత్రమే కాదమ్మా, నేను మూసిన కిటికీలతో కూడా అని చెప్పాను. ఆమె మంచినీళ్ళిచ్చింది. అది తాగడం ఎంత కష్టమైందో రాయలేను.

బొగ్గు తలుపు సంగతి డీన్‌కి నేనే చెప్పాను. గది ఖాళీ చేస్తున్నారు. గోడలకి సీసం రేకులు కొట్టిన గదొకటి వేరేచోట ఇస్తారట, గాలి లాగే యంత్రంతో. ఆశ్చర్యం, డీనే పోట్లాడి ఇప్పించాడు. మనిషిని నేను తప్పుగా అనుకున్నానేమో. మిగిలిన నాలుగు బొమ్మలు కొలతలు చూసి ఇంట్లోనే గీస్తున్నాను.

నువ్వు రావద్దు. ఆసుపత్రిలో నీకు సెలవు దొరకదు, బావ ఒక్కరే ఉండలేరు. నేను బాగానే ఉన్నాను.

నీ తమ్ముడు

నవంబర్ 14

ఒరేయ్ నాన్నా,

కవరు నిన్న మధ్యాహ్నం అందింది. పని ముగిసేదాకా విప్పలేదు. అందరూ వెళ్ళాక రెండు ఫిల్ములూ దీపం ముందు పక్కపక్కన పెట్టాను. స్కేలు పెట్టి కొలిచాను. ముప్ఫై ఏళ్ళుగా డాక్టర్ల కంటే ముందు చూసే కళ్ళురా నావి.

మే నెల ఫిల్ములో ఉన్నది ఒక్కటే. నా బొటనవేలి గోరంత. అంచులు శుభ్రంగా ఉన్నాయి, చుట్టుపక్కల ఎక్కడా ఏమీ లేదు, రెండోవైపు అద్దంలా ఉంది. అలాంటివాళ్ళకి కోసి తీసేస్తారు. తీసేశాక ఏటా నా దగ్గరికి ఫోటోకి వస్తారు, మనవళ్ళ కబుర్లు చెప్తారు. పన్నెండేళ్ళుగా వస్తున్నవాడొకడున్నాడు. రెండో ఫిల్ము గురించి రాయను.

మీ డాక్టరు అలా అనలేదు. ఆ ఫిల్ము చూసిన ఏ డాక్టరూ అలా అనడు. నువ్వు కల్పించావు. రెండుసార్లు అడిగానని కూడా రాశావు చూడు, అక్కడే దొరికిపోయావు. నిజమైతే నువ్వు ఒక్కసారే చెప్తావు. నీకు చిన్నప్పటి నుంచీ అబద్ధం చేతకాదు.

భయపడొద్దని నేను రాశాను, నువ్వు భయపడటం మానేశావు. అంతే జరిగింది. నన్ను క్షమించమని అడగను. అడిగితే వెంటనే క్షమించేస్తావు, అది నేను తట్టుకోలేను. నీ అబద్ధాన్ని మాత్రం ఉంచుకుంటాను. అక్కడికొచ్చాక నేను ఈ మాట ఎత్తను, నువ్వూ ఎత్తకు. మే నెల ఫిల్ము ఇక్కడే, నా పెట్టెలో అడుగున పెట్టాను. మీ బావకి చూపించలేదు.

సెలవు అడగలేదు, రాజీనామా ఇచ్చాను. ఛాతీ డాక్టరే కాగితం తీసుకుని, గేటుదాకా వచ్చి సాగనంపాడు. మీ బావ కూడా వస్తున్నారు. "వాడి పుస్తకానికి కాగితాలు వరసలో పెట్టడం నాకొచ్చు" అంటూ పొద్దున్నుంచీ సంచీ సర్దుతున్నారు. నాలుగు బొమ్మలు నువ్వు గీయి, రాతపని మేం చూస్తాం. మార్చికి అచ్చవ్వాలి, నువ్వు చేత్తో పట్టుకుని చూడాలి. నాకింక కావలసింది అదొక్కటే.

ఈ ఉత్తరం అందిన మర్నాడు పొద్దున బండి దిగుతాం. స్టేషన్‌కి రాకు. తలుపుకి గడియ పెట్టుకోకు, లేచి వచ్చి తీయడం నీకు కష్టం.

అక్క